ఫాండెంట్ పరిచే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

కాకినాడ నుండి నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. మీ మామగారి షష్టిపూర్తి కేకును నీవే చేస్తున్నావనీ, రెండుసార్లు ప్రయత్నించినా ఫాండెంట్, అదే కేకు మీద పరిచే పంచదార ముద్ద పొర, పై అంచున చిట్లి, కింద పావడా కుచ్చెళ్లలా ముడతలు పడిందనీ వ్రాశావు. నీవు పంపిన ఫొటోలు చూశాక నాకు తోచినదేమిటంటే, సగం తప్పు ఫాండెంట్ పరచకముందే జరిగిపోయింది. ఎగుడుదిగుళ్లను అది దుప్పటిలా కప్పేస్తుందని అనుకుంటాము కానీ, నిజానికి అది తడిబట్ట వంటిది. కింద ఏముంటే అదే పైకి కనబడుతుంది.

కనుక ముందుగా కేకు సంగతి చూడు. ఫాండెంట్ కింద విప్పింగ్ క్రీమ్ ఎన్నడూ పూయవద్దు. ఒక మే నెలలో, మా ఇంట్లో పసివాడి మొదటి పుట్టినరోజుకు నేను ఆ పొరపాటే చేశాను. క్రీములోని తడికి ఫాండెంట్‌లోని పంచదార కరగడం మొదలై, సాయంత్రానికి పక్కగోడ మొత్తం జారి పళ్లెంలో కూర్చుంది. డార్క్ చాక్లెట్ రెండు వంతులకు క్రీము ఒక వంతు, వైట్ చాక్లెట్ అయితే మూడు వంతులకు ఒక వంతు చొప్పున కలిపి గనాష్ అనే చాక్లెట్ పూత చేసుకొని, కేకు చుట్టూ పూసి, స్క్రేపర్‌తో గోడలు నిలువుగా, అంచు పదునుగా వచ్చేవరకు ఓపికగా తీర్చిదిద్ది, రాత్రంతా గట్టిపడనివ్వు. తెల్లవారాక వేలితో తడిమి చూసి, గుంట తగిలితే అక్కడే పూడ్చు. నా మటుకు నేను మొత్తం శ్రమలో సగానికి పైగా ఇక్కడే పెడతాను.

కొలత కూడా ముందే వేసుకోవాలి. నీ కేకు వెడల్పు 8 అంగుళాలు, ఎత్తు 4 అంగుళాలు కాబట్టి, రెండు వైపుల ఎత్తునూ కలిపితే 16, చేతికి అందే మిగులు 2, వెరసి 18 అంగుళాల వెడల్పున ఒత్తాలి. మూడు నుండి నాలుగు మిల్లీమీటర్ల మందానికి సుమారు 800 గ్రాములు పడుతుంది; కిలో దగ్గర పెట్టుకుంటే కంగారు ఉండదు. ఇంత వెడల్పుకు మన చపాతీల అప్పడాల కర్ర చాలదు, పొడవైనది కొనుక్కో. షష్టిపూర్తికి శాకాహారులైన పెద్దలు వస్తారు కనుక, కొన్ని ఫాండెంట్లలో జెలటిన్ ఉంటుందని గుర్తుంచుకొని, ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి మరీ తీసుకో. ముదురు ఎరుపు కావాలంటే రంగు కలిపినదే కొను. తెల్లదానిలో అంత రంగు కలిపితే ముద్ద జిగటగా తయారవుతుంది.

అప్పడాల పిండిని దంచి సాగేలా చేసే మా అమ్మ చేతులను తలచుకొని, ఫాండెంట్‌ను అంత మెత్తగానూ పిసుకు. ఎండిపోయి పగుళ్లిస్తే చేతికి కాస్త వనస్పతి రాసుకొని పిసకాలి. జారుడుగా ఉంటే పావుకిలోకు ముద్దను గట్టిపరిచే సీఎంసీ పొడి పావు చెంచా కలిపి కాసేపు మూసి ఉంచాలి. బల్ల మీద కార్న్‌ఫ్లోర్ పలుచగా మాత్రమే చల్లు, ఎక్కువైతే అదే పగుళ్లకు కారణమవుతుంది. ఒత్తేటప్పుడు అంటుకోకుండా తరచూ పక్కకు తిప్పుతూ ఉండు, కానీ పూరీలా బోర్లించకు. గాలి బుడగ కనబడితే సన్నని సూదిని ఏటవాలుగా గుచ్చి, వేలితో నొక్కి గాలి తీసెయ్యి.

గనాష్ మీద కుంచెతో నీళ్లు అద్దీ అద్దనట్టు రాసి, ఫాండెంట్‌ను కర్రకు చుట్టి తెచ్చి పరిచాక, ఇక ఫోను మోగినా ఎత్తవద్దు. పైభాగాన్ని స్మూదర్‌తో, అంటే నునుపు చేసే చేతిపలకతో, మధ్యనుండి అంచుకు నిమిరి, వెంటనే పై అంచు చుట్టూ అరచేతితో అదిమి అతికించు. నీవు పక్కలను ముందు పట్టుకున్నావు. వేలాడే బరువంతా అంచు మీద పడి అందుకే అది చిట్లింది. తరువాత పక్కలను పైనుండి కిందికి, రెండేసి అంగుళాల చొప్పున దిగుతూ అతికించాలి. ముడత వచ్చిన చోట దానిని మడిచి నొక్కకుండా, ఒక చేతితో కింది కొసను బయటికి విప్పి పట్టుకొని, రెండవ అరచేతితో లోపలికీ, కొంచెం పైకీ నిమిరితే ముడత దానంతటదే సర్దుకుంటుంది. కిందికి లాగాలని చేయి ఉబలాటపడుతుంది, లాగకు. చివరకు అర అంగుళం వదిలి మిగులు కోసి, స్మూదర్‌తో అదిమి, అప్పుడు అడుగు అంచు వెంట చక్కగా కత్తిరించు.

పూర్తయిన కేకును ఫ్రిజ్‌లో పెట్టకు. బయటికి తీయగానే మన సముద్రపు గాలికి చెమట పట్టి, జిగురు జిగురుగా మెరుస్తుంది. ఏసీ గదిలో అట్టపెట్టెలో ఉంచితే చాలు. అందుకే లోపల తాజా పండ్లు, క్రీము పెట్టకుండా గనాష్‌తోనే నింపు. మిగిలిన ఫాండెంట్‌ను ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టి, అందులో నిమ్మకాయంత ముద్దను, చిన్న కుంచెను హాలుకు వెంట తీసుకెళ్లు. దారిలో ఎక్కడైనా గీత పడితే అక్కడికక్కడే ఒక పువ్వు చేసి అతికించవచ్చు.

ఇట్లు,
నీ మేనత్త