మూడు వేల వాయిదా, ముప్పై మీటర్ల కొంగ

ప్రశ్న: సార్, మాది టెక్కలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18,000. మావారు గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు, ఆయనకి 24,000 వస్తాయి. నాలుగేళ్ల బాబున్నాడు. అన్ని ఖర్చులూ పోను నెలకి 6,000 దాకా మిగులుతోంది. బ్యాంకులో 14,000 ఉన్నాయి. 20 నెలల లక్ష రూపాయల చీటీకి నెలకి 5,000 చొప్పున ఏడు నెలలు కట్టాం. బంగారం మీద 1,20,000 లోను ఉంది, వడ్డీ 9.5 శాతం. రోజూ వాడుకోడానికి ఓ డిజిటల్ కెమెరా కొనుక్కోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. బాబు ఫొటోలు, స్కూలు ఫంక్షన్లు, పక్కనే తేలినీలాపురంలో పక్షులు, వీటన్నిటికీ. శ్రీకాకుళంలో ఓ షాపులో 18-55 లెన్సుతో (ఈ అంకె ఎంత పెద్దదైతే దూరంలో ఉన్నది అంత దగ్గరగా కనిపిస్తుందట) కొత్త కెమెరా 36,000 అన్నారు. నెలకి 3,000, పన్నెండు నెలలు, వడ్డీ లేదట. విశాఖలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు తన పాత నికాన్ డి3400ని 18-55, 70-300 లెన్సులు రెండింటితో 20,000కి ఇస్తానంటున్నాడు. చీటీ ఇప్పుడు పాడితే 78,000 వస్తుంది. పాడేసి కొత్తదే కొనేద్దామని నేను, ‘ఫోనుండగా అదెందుకు’ అని మావారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, కెమెరా దగ్గరికి తర్వాత వస్తాను. ముందు చీటీ జోలికి పోకండి.

లక్ష చీటీలో కమిషను 5,000 అనుకుందాం. చివరి నెలదాకా ఆగితే 95,000 చేతికొస్తుంది. ఇప్పుడు పాడితే 78,000. మధ్యలో పోయేది 17,000. అంటే 36,000 కెమెరా మీ ఇంటికి 53,000కి వచ్చినట్టు. ‘మిగిలిన 42,000 బంగారం లోనుకి కట్టేస్తాం కదండీ’ అంటారు. ఈ మాట నా దగ్గర నెలకి నలుగురైనా అంటారు. 42,000 మీద 9.5 శాతం లెక్కన ఏడాదికి తగ్గే వడ్డీ 3,990. ఆ నాలుగు వేల కోసం పదిహేడు వేలు వదులుకుంటామా? బాబుకి ఒంట్లో బాగులేక ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పాడండి, తప్పదు. కొంగల కోసం పాడకండి.

ఇక వడ్డీ లేని వాయిదా. క్రెడిట్ కార్డు మీద ఇలాంటి వాయిదా పెడితే బ్యాంకు తన వడ్డీ తను వేసుకుంటుంది. ఆ వడ్డీ ఎంతో అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. బ్యాంకు వడ్డీ 15 శాతం అయితే, మీరు కట్టే 36,000లో అసలు సుమారు 33,240, వడ్డీ 2,760. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 500, మీ నెత్తినే పడుతుంది. దానికి తగ్గింపు ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదొకటి, దాని మీద మళ్లీ జీఎస్టీ. అన్నీ కలిపినా వెయ్యికి అటూ ఇటూ, దీనికోసం మరీ బెంగపడక్కర్లేదు. ఆ షాపుకే మళ్లీ వెళ్లి ‘మొత్తం రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?’ అని ఒక్క ముక్క అడగండి. ఠక్కున ఒకటి రెండు వేలు తగ్గిస్తే, వాయిదాల వాళ్లు వదులుకుంటున్నది ఎంతో తెలిసిపోతుంది.

ఆ తగ్గింపు ఇచ్చినా నేను వద్దనే అంటాను. ఎందుకంటే 36,000 పోసి తెచ్చుకునే ఆ వస్తువు మీరు అడుగుతున్న పని చెయ్యదు.

మీ ఉత్తరం అందాక మిమ్మల్ని ఓ పని చెయ్యమన్నాను, గత నెల ఫోన్లో తీసిన ఫొటోలు లెక్కపెట్టమని. పాపం ఓపిగ్గా లెక్కపెట్టి పంపారు. మొత్తం 412. అందులో స్కూలు నోటీసులు, హోంవర్కు పేజీలు, గ్యాసు బిల్లు, మీవారికి పంపిన సరుకుల చీటీలు కలిపి 190. బాబువి 131, వాటిలో 38 మసగ్గా వచ్చాయి, అన్నీ రాత్రిపూట ఇంట్లో లైటు కింద గెంతుతుంటే తీసినవే. పక్షులవి 54, ‘అన్నీ చుక్కల్లా ఉన్నాయండి’ అని మీరే రాశారు. మిగతావి పూలు, సముద్రం, చుట్టాలు.

రోజూ వాడుకోడానికి అన్నారు కదా. రోజూ వాడేది ఇప్పటికే మీ చేతిలో ఉంది. హోంవర్కు పేజీ ఫొటో తియ్యడానికి ఎవరూ సంచిలోంచి పెద్ద కెమెరా తియ్యరు. మసక ఫొటోలు 38కీ కారణం వెలుతురు చాలకపోవడం. వెలుతురు తక్కువైతే ఫోను ఒక్కో ఫొటోకి వెలుతురుని ఎక్కువసేపు పోగుచేసుకుంటుంది, ఈలోగా మీవాడు ఓ గెంతు గెంతేస్తాడు. 18-55 లెన్సుతో కొత్త కెమెరా కొన్నా ఆ ట్యూబులైటు కింద అద్భుతాలేం జరగవు. పగలు కిటికీ దగ్గర ఆడుకుంటుంటే తియ్యండి, సగం బాధ తీరుతుంది, పైసా ఖర్చు లేకుండా.

మిగిలింది ఆ 54 చుక్కలు. మీ ఇంట్లో కెమెరా అవసరం అంటూ ఉంటే అది ఇక్కడే ఉంది. తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, పెలికాన్లు చెట్లమీద గూళ్లు కట్టుకుంటాయి. మీరు నిల్చున్నచోటి నుంచి కొమ్మ ముప్పై మీటర్లు ఉందనుకుందాం. కొంగ దాదాపు మీటరు పొడవు. షాపువాళ్లు చెప్పిన 18-55 లెన్సుని చివరిదాకా తిప్పి 55 దగ్గర పెడితే, అంత దూరంలో ఫొటోలో పట్టే ఎత్తు ఎనిమిది మీటర్లపైనే. అంటే కొంగ ఫొటోలో ఎనిమిదో వంతు. చుక్క కాస్త పెద్ద చుక్క అవుతుంది, అంతే. అదే 70-300 లెన్సు 300 దగ్గర పెడితే పట్టే ఎత్తు మీటరున్నర. కొంగ ఫొటోలో మూడింట రెండొంతులు నిండుతుంది, ముక్కు వంపూ రెక్కల మీది గులాబీ రంగూ కనిపిస్తాయి. షాపు కెమెరాతో ఈ పని కావాలంటే మరో లెన్సు కొనాలి. ఆ సంగతి మాత్రం కొన్నాకే చెబుతారు.

మీ అన్నయ్య దగ్గర ఆ లెన్సు ఉంది. నా ఓటు దానికే.

డి3400 వచ్చింది 2016లో. 24 మెగాపిక్సెళ్లు. బ్యాటరీ ఒక్కసారి చార్జి చేస్తే 1,200 ఫొటోలని కంపెనీ లెక్క, కాబట్టి రెండో బ్యాటరీ ఇప్పట్లో కొననక్కర్లేదు. 4కె వీడియో లేదు, బయటి మైకు పెట్టుకునే రంధ్రమూ లేదు. స్కూలు వార్షికోత్సవం వీడియో ఫోన్లోనే తియ్యండి, అదే బాగుంటుంది. లెన్సుతో కలిపి కిలోకి కాస్త తక్కువ బరువుంటుంది, మెడకి తగిలించుకుంటే తెలుస్తుంది. ఇంకో సంగతి. కొత్త కెమెరా 36,000లో జీఎస్టీయే దాదాపు 5,490. 2019 జనవరికి ముందైతే 28 శాతం ఉండేది, ఇప్పుడు 18. అన్నయ్య తను కొన్నరోజునే ఆ పన్ను కట్టేశాడు, మీకు లేదు.

అలాగని కళ్లు మూసుకుని తీసుకోకండి. చుట్టాల దగ్గర కొంటే ఓ సుఖం, ఓ చిక్కు. మూడు విడతల్లో ఇస్తానన్నా వడ్డీ అడగరు. నెల తిరక్కుండా పాడైపోతే మాత్రం మనమూ నోరెత్తలేం, పెళ్లిళ్లలో ఎదురుపడాలి కదా. అందుకని పరీక్షలేవో ముందే చేసుకోవాలి, నవ్వుతూనే.

లెన్సు విప్పి వెనకనుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. విశాఖ తేమ గాలికి ఇది మామూలే. పోగులుంటే ఆ లెన్సు వదిలెయ్యండి, శుభ్రం చేయించే ఖర్చుకి అంతూ పొంతూ ఉండదు. తర్వాత ఎపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్16 పెట్టి ఆకాశాన్ని ఫొటో తియ్యండి. నల్లమచ్చలు కనిపిస్తే సెన్సరు (లోపల ఫొటో పడే చిప్పు) మీద దుమ్ముంది, అది పెద్ద తప్పు కాదు, బేరానికి పనికొస్తుంది. మూడోది, షట్టరు (ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు కొట్టుకుందో. కారుకి కిలోమీటర్లెలాగో దీనికి ఇది. ఈ తరగతి నికాన్లకి లక్షదాకా లెక్క చెబుతారు. పెళ్లిళ్లకి వాడిన కెమెరా అయితే ఆ లెక్క సగం దాటే ఉంటుంది, ఇంట్లో వాడిందైతే పదో పదిహేనో వేలు. కెమెరా తీసిన జేపెగ్ ఫైల్లోనే ఆ అంకె దాగి ఉంటుంది, ఆన్‌లైన్లో చూపించే సైట్లున్నాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ సమాచారం చెరిగిపోతుంది, ఈమెయిల్లో పంపమనండి.

నాలుగోది మర్చిపోకండి. 70-300 లెన్సులో రెండు రకాలున్నాయి, ఒకదాని మీద విఆర్ అని రాసి ఉంటుంది, ఇంకోదాని మీద ఉండదు. విఆర్ అంటే చెయ్యి వణుకుని లెన్సు సర్దుకుంటుంది. 300 దగ్గర చేత్తో పట్టుకుని తీసేవాళ్లకి అది లేకపోతే చాలా ఫొటోలు అదురుతాయి.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఇంకో దారుంది. లెన్సు మార్చే పనిలేని సూపర్‌జూమ్ కెమెరాలు పాతవి దొరుకుతాయి. నికాన్ కూల్‌పిక్స్ బి500 లాంటివి, 40 రెట్ల జూము, మామూలు ఏఏ సెల్లులు నాలుగు వేస్తే నడుస్తుంది, టెక్కలిలో ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సెల్లులే. ఎండలో పక్షులకి బాగానే పనిచేస్తుంది. కానీ డి3400 సెన్సరు దీని సెన్సరుకి దాదాపు 13 రెట్లు పెద్దది. సాయంత్రం ఐదు దాటాక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇకపోతే ఆన్‌లైన్లో ఐదారు వేలకి ‘48 మెగాపిక్సెల్, 4కె, 16 ఎక్స్ జూమ్’ అంటూ ఊరూ పేరూ లేని కెమెరాలు కనబడతాయి. ఆ జూము డిజిటల్ జూము, అంటే ఫొటోని కత్తిరించి సాగదియ్యడం. అది మీ ఫోను ఇంతకన్నా బాగా చేస్తుంది. ఆ డబ్బు పిల్లాడి పేరున వెయ్యండి.

నా కథ కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. 2010లో ఓ చిన్న కెమెరా 11,500కి పన్నెండు వాయిదాల్లో కొన్నాను. ఆరో వాయిదా కట్టేలోపే కళింగపట్నం బీచిలో లెన్సు గొట్టంలోకి ఇసక దూరింది. ఆన్ చేస్తే కిర్రుమంటూ సగం బయటికొచ్చి ఆగిపోయేది. బాగుచెయ్యడానికి 4,800 అన్నారు. మిగిలిన ఏడు వాయిదాలూ బీరువాలో పడున్న కెమెరాకి కట్టాను. ప్రతి ఐదో తారీఖునా డబ్బు కట్ అయినట్టు మెసేజీ వచ్చేది, మా ఆవిడ బీరువా వంక చూసేది. వాయిదా అన్న మాట వింటే నా మొహం మాడడానికి కారణం ఇదీ, అందుకని నా మాటని కాస్త తగ్గించుకునే వినండి.

అది బీరువాలో ఉండగానే ఫంగస్ కూడా పట్టింది. మీదీ సముద్రానికి దగ్గర ఊరే. కెమెరాని తోలు సంచిలో పెట్టి చీరల మధ్య దాచకండి, కలరా ఉండలు అసలు దగ్గరికి రానివ్వకండి. గాలి చొరని మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో సిలికా జెల్. రంగు మారే రకం తీసుకుంటే తేమ పీల్చుకుందో లేదో తెలుస్తుంది, మారితే సన్నటి సెగమీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆ డబ్బా, జెల్, ఓ 64 జీబీ మెమరీ కార్డు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, అన్నిటికీ కలిపి 1,500 పక్కన పెట్టుకోండి.

డబ్బు సంగతి. బ్యాంకులో ఉన్న 14,000 ముట్టుకోవద్దు. ఇద్దరి జీతాలూ ప్రైవేటువే అయిన ఇంట్లో అది నిజానికి చాలా తక్కువ. నెలకి మిగిలే 6,000లో సగం దానికే చేర్చండి. మిగతా 3,000 కెమెరాకి, ఎలాగూ షాపువాడికి కట్టడానికి సిద్ధపడ్డ మొత్తమే అది. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. అక్కడే 500తో సేవింగ్స్ ఖాతా తెరిచి వేసుకోండి, ఏటీఎం కార్డు తీసుకోకండి. ఇప్పుడు మార్చి. పక్షులు ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి, మళ్లీ వచ్చేది సెప్టెంబరుకి. ఈ నెలనుంచి ఆగస్టుదాకా ఆరు నెలలు, 18,000. కెమెరా మీకు అవసరమయ్యే రోజుకి డబ్బు చేతిలో ఉంటుంది. ఆ తర్వాత అదే 3,000 నెలనెలా బంగారం లోను అసలుకి కడుతూ పొండి.

మీవారు అన్నది మూడొంతులు నిజమని మీ లెక్కే చెబుతోంది. ఆ మాట ఆయనతో మీరే అనండి. ఆ తర్వాత ఆ 54 చుక్కలూ చూపించండి.

ఈ నెలలోనే, పక్షులు వెళ్లకముందే, ఓ ఆదివారానికి కెమెరా అరువివ్వమని అన్నయ్యని అడగండి. పొద్దున్నే తేలినీలాపురం వెళ్లి రెండు గంటలు మెడకి తగిలించుకుని తిరగండి. మధ్యాహ్నానికి మెడ నొప్పీ విసుగూ వస్తే తిరిగిచ్చెయ్యండి, మీకు మిగిలేది 18,000. సాయంత్రం కూడా మళ్లీ వెళ్దామనిపిస్తే బేరం మొదలెట్టండి. లెన్సు మీద విఆర్ ఉంటే 16,500. లేకపోతే 14,000కి మించి ఇవ్వకండి, బిల్లూ చార్జరూ కూడా అడిగి తీసుకోండి.