ఉద్యోగం మానాలా అని అడిగిన మా చెల్లె బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, ఉద్యోగం మానేయాలా, లేక పాపను మీ అమ్మ దగ్గర వదిలి వారానికి మూడు రోజులు హైదరాబాద్ వెళ్లిరావాలా, ఒక్క మాటలో చెప్పు పెద్దమ్మా అని అడిగినప్పుడు, నేను పాపకు పళ్లు వచ్చాయా అని అడిగి మాట మార్చాను. నీ పక్కనే మీ అమ్మ ఉంది. ఆమె మోకాళ్ల సంగతి ఆమె వింటుండగా ఎత్తడం బాగుండదనిపించింది. అల్లుడి గురించి చెప్పదలచుకున్నది కూడా ఫోన్లో తొందరగా అంటే నిష్ఠూరంగా వినిపిస్తుంది. అందుకే కాగితం మీద నెమ్మదిగా రాస్తున్నాను. మీరిద్దరూ కలిసి చదవండి.

ముందుగా నీ ప్రశ్నలోనే ఒక తప్పు ఉంది. చేతికి వచ్చే 58,000 రూపాయల్లో ఆయాకు, ప్రయాణానికి, ఇతర ఖర్చులకు పోను 25,000 మిగులుతుందని, ఆ మాత్రానికి ఇంత అవస్థ ఎందుకని మీ అత్తగారు అన్నారని చెప్పావు. ఆయా జీతాన్ని నీ జీతంలో నుంచే ఎందుకు తీసివేశారు? పాప ఇద్దరి బిడ్డ. ఆయా ఖర్చు ఇద్దరి జీతాలు కలిపిన మొత్తంలో నుంచి పోవాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని కనుక, తీసివేత తప్పు చోట వేస్తే జవాబు ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఇంకో సంగతి, ఈ లెక్క ఈ ఒక్క ఏడాదిది. ఆయా అవసరం మూడేళ్లో నాలుగేళ్లో ఉంటుంది, నీ ఉద్యోగం ఇంకో పాతికేళ్లు ఉంటుంది. ఈ ఏడాది మిగిలేదాన్ని కాకుండా పదో ఏట నువ్వు ఏ జీతంలో ఉంటావో అంచనా వేసి, మానేస్తే అదే పదో ఏట ఎక్కడి నుంచి మొదలుపెట్టవలసి వస్తుందో పక్కన రాసి చూడు.

మా కాలంలో తల్లులు ఇంట్లోనే ఉండి పిల్లల్ని పెంచుకున్నారని మన వాళ్లు అంటుంటారు. ఏ కాలమో, ఏ ఇళ్లో నాకు తెలియదు. మీ అమ్మమ్మ జగిత్యాల దిక్కు ఊళ్లో ఒడిలో చాట పెట్టుకుని, కాలి బొటనవేలికి తొట్టెల తాడు కట్టుకుని బీడీలు చుట్టింది. నీ తల్లి, నేను ఆ తొట్టెలలోనే పెరిగాము. నాట్లకు పోయే తల్లులు పొలం గట్టు మీది చెట్టుకు చీరతో ఊయల కట్టి, మధ్యమధ్య వచ్చి పాలిచ్చి మళ్లీ బురదలోకి దిగేవారు. ఇది గొప్పగా చెప్పుకోవలసినదేమీ కాదు, తంబాకు దుమ్ము పసిపిల్ల ముక్కులోకి పోవడం మంచిదని ఎవరూ అనరు. అయితే పని చేయని తల్లి అనే మాట మన వైపు నెల జీతాలు వచ్చిన తర్వాతే పుట్టింది. కాబట్టి పనికి పోతే తల్లివి కాకుండా పోతావన్న భయం ఎవరైనా నీ చెవిలో వేస్తే, దానిని లెక్కలోకి తీసుకోకు.

ఇక నా సంగతి. పెద్దవాడు పుట్టినప్పుడు నాకు ప్రసూతి సెలవు మూడు నెలలే. ఆ తర్వాత పరకాల అవతలి ఊరికి రెండు బస్సులు మారి బడికి పోయాను. మా అత్తగారు వాడిని సాకారు. మాటలు వచ్చాక వాడు ఆమెను అమ్మ అన్నాడు, నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచాడు. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వి, వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇప్పుడు వాడికి నలభై దాటింది, ఆ ముచ్చట చెబితే నమ్మడు. నాకు మిగిలిన బాధ ఉద్యోగానికి పోయినందుకు కాదు. మేము ఏదీ నిర్ణయించుకోలేదు. సెలవు అయిపోయింది, తెల్లారి బస్సెక్కాను, అంతే. రెండోసారి చిన్నది పుట్టినప్పుడు మీ పెదనాన్న, నేను ఒక రోజు కూర్చుని మాట్లాడుకున్నాము. ఏడాది జీతం లేని సెలవు పెట్టాను. ఇంక్రిమెంటు వెనక్కి పోయింది, ఇల్లు చాలా ఇరుకుగా నడిచింది. అయినా ఆ ఏడాది గురించి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా ఎత్తిపొడుపు రాలేదు, ఎందుకంటే దాని ధర ఎంతో ఇద్దరికీ ముందే తెలుసు.

ఆ ఏడాదిలో నేను ముందుగా ఊహించనిది ఒకటి ఉంది. నేను ఇంట్లో ఉన్నానని తెలియగానే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చే ప్రతి బంధువుకూ మా ఇల్లే బస అయింది. చీటీ రాయించడానికి తోడు పోవడం, క్యారేజీ పంపడం, రాత్రి పడుకోవడానికి చోటు చూపడం, అన్నీ నాకే వచ్చాయి. బిడ్డ కోసం మిగుల్చుకున్న సమయంలో సగం అలా పోయింది. నగరంలో ఇల్లున్న వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. నువ్వు ఇంట్లో ఉండాలని నిర్ణయించుకుంటే, ఖాళీగానే ఉంది కదా అనే మాట మొదటి నెలలోనే వస్తుంది. ఆ మాటకు జవాబు నువ్వు కాదు, అల్లుడు చెప్పాలి. అది ముందే ఒప్పుకోవాలి.

రాజీనామా రాసే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ కంపెనీలో నువ్వు చేరి నాలుగేళ్ల మూడు నెలలు అయిందన్నావు. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి వరుసగా అయిదేళ్ల సర్వీసు ఉండాలి, ప్రసూతి సెలవు కూడా అందులో లెక్కకు వస్తుంది. తొమ్మిది నెలల కోసం దానిని వదులుకోవద్దు. భవిష్యనిధి (పీఎఫ్) డబ్బు తీసేసి ఫ్రిజ్జో బంగారమో కొనాలన్న ఆలోచన ఉంటే మానుకో. ఆ నిధితో ముడిపడిన పింఛను అర్హతకు పదేళ్ల సర్వీసు కావాలి, డబ్బు కదిలించకుండా ఉంచితే రేపు ఇంకోచోట చేరినా పాత సర్వీసు దానికి కలుస్తుంది. ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచిన 2017 నాటి సవరణలోనే, 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చని, పని తీరు అనుమతిస్తే సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేయడానికి యాజమాన్యంతో ఒప్పందం చేసుకోవచ్చని కూడా ఉంది. మీ మేనేజరును నోటిమాటగా అడిగితే వీలు కాదన్నాడని చెప్పావు. నోటి మాటకు నోటి మాటే జవాబుగా వస్తుంది. మెయిలు రాసి అడుగు. వారానికి మూడు రోజులు కాకుండా ఒక రోజు రావచ్చా, ఆరు నెలల పాటు తగ్గించిన జీతంతో తక్కువ గంటలు చేయవచ్చా, జీతం లేని సెలవు ఎన్ని నెలలు ఇస్తారు, ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చే దాకా రాజీనామా మాట ఎత్తకు.

ప్రయాణం గురించి నువ్వు కొంచెం ధైర్యంగా మాట్లాడావు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైలు రెండు గంటలు దాటుతుంది, అక్కడి నుంచి మీ ఆఫీసుకు ఇంకో గంటన్నర. తెల్లవారుజామున పాస్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడే వాళ్లను నేను చాలామందిని చూశాను, కొందరు నా దగ్గర చదివిన పిల్లలే. ఏళ్ల తరబడి చేస్తున్నారు. అయితే వాళ్లలో పాలు తాగే బిడ్డ తల్లులు ఒకరిద్దరే. పాప నిద్రలేవక ముందు వెళ్లి, పడుకున్నాక వచ్చే రోజులు వారానికి మూడు అంటే, అది నీ ఒంటికి ఏమవుతుందో పాప కన్నా ముందు చూసుకోవాలి. జీతం తగ్గినా మడికొండ ఐటీ పార్కులో ఏమైనా దొరుకుతుందేమో విచారించావా? నా మాట అడిగితే, వెళ్లిన ప్రతి రోజూ ఆరేడు గంటలు రైలులో, బస్సులో పోగొట్టే పెద్ద జీతం కన్నా సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉండనిచ్చే చిన్న జీతం మేలు.

పాప విషయానికి వస్తే, ఈ వయసు పిల్ల తల్లి కనబడకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఇది మామూలే. ఆ ఏడుపును చూసి నీ నిర్ణయం తప్పని అనుకోవద్దు. ఆ వయసుకు కావలసింది రోజూ కనిపించే ఒకటి రెండు ముఖాలు, ఆకలికి, నిద్రకు ఒక పద్ధతి. ఆయాలు నెలకొకరు మారే ఇల్లు, తల్లి ఇంట్లో లేని ఇంటి కన్నా పిల్లకు ఎక్కువ కష్టం. ఎవరిని పెట్టినా నువ్వు ఇంట్లో ఉండగానే రెండు వారాలు అలవాటు చెయ్యి. పాలు పిండి ఫ్రిజ్జులో పెడితే నాలుగు రోజుల దాకా ఉంటాయి, మన ఎండలకు బయట మాత్రం ఉంచవద్దు.

మీ అమ్మ సంగతి. నా చెల్లె ఎవరికీ కాదనలేదు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు అడగక ముందే, నేను చూసుకుంటాలే, నువ్వు పో అంటుంది. ఆమెకు అరవై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగాయి, నడక నేర్చిన పిల్ల వెనక ఉరకడం ఆమె వల్ల కాదు. నీకు చెప్పదు, నాకు చెబుతుంది. ఆమె దగ్గర పాపను వదలవద్దని అనడం లేదు. ఎత్తుకోవడానికి, స్నానం చేయించడానికి, వెనక తిరగడానికి ఒక మనిషిని పెట్టి, పైన కనిపెట్టి ఉండే పని ఆమెకు ఇవ్వు. ఆ మనిషి జీతం మిగుల్చుకుందామని చూస్తే ఆ ఖర్చు తర్వాత మీ అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌లో కనబడుతుంది. ఆదివారాలు, పండుగలు ఆమెవి, అవి అడగవద్దు.

ఇప్పుడు అల్లుడి గురించి. అతను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్చరర్, పని చేసే చోటు మీ ఇంటికి గంట దూరం కూడా లేదు, సాయంత్రానికి ఇల్లు చేరతాడు, వేసవి సెలవులు ఉన్నాయి. పిల్లకు దగ్గరగా ఉన్న ఉద్యోగం అతనిది. మరి ఈ రెండు నెలలుగా రెండు కుటుంబాల్లో ఇన్ని మాటలు నడుస్తుంటే, నువ్వు కొన్నాళ్లు సెలవు పెడతావా నాయనా అని అతనిని ఒక్కరైనా అడిగారా? పితృత్వ సెలవు 15 రోజులు అతను వాడుకున్నాడు, అందులో పది రోజులు బారసాల పనులకే పోయాయి. అతను ఉద్యోగం మానాలని నేను అనడం లేదు. నువ్వు వెళ్లే మూడు రోజులు పాప రాత్రి తిండి, నిద్ర, టీకాల తేదీలు, జ్వరం వస్తే డాక్టరు, ఇవి పూర్తిగా అతనివి అయితే నీ ఉద్యోగం నడుస్తుంది. సాయం చేస్తాను అన్న మాట సరిపోదు. సాయం చేసేవాడిని అడగాలి, బాధ్యత ఉన్నవాడిని అడగనక్కరలేదు.

అన్నీ చూసుకున్న తర్వాత కూడా ఇంట్లోనే ఉండాలని నీ మనసు చెబితే, ఉండు. మా వీధిలో ఒకామె ఇరవై ఏళ్ల కిందట మంచి ఉద్యోగం వదిలి ముగ్గురు పిల్లలను పెంచింది, ఒక్కనాడూ నొచ్చుకోలేదు. ఆమె ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. భర్త జీతం వచ్చిన రోజునే కొంత ఆమె ఖాతాలో పడేది, దానికి లెక్క అడిగేవాడు కాదు. నువ్వూ అది మొదటి నెల నుంచే పెట్టుకో. నీ పేరున బీమా, నీ పేరున పొదుపు ఆగకూడదు. ఎప్పటి దాకా అన్నది తేదీతో రాసుకోండి, ఆరు నెలలకొకసారి మళ్లీ కూర్చోండి. పాప మూడేళ్లకు నర్సరీకో అంగన్‌వాడీకో పోతుంది, అప్పటికి నువ్వు ఏ పని చేతిలో ఉంచుకోవాలో ఇప్పటి నుంచే చూసుకో.

నా మొగ్గు ఎటో అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడే రాజీనామా వద్దు. మూడు నెలలు జీతం లేని సెలవు అడుగు, ఆ తర్వాత మూడు నెలలు వెళ్లి చూడు, అప్పుడు తేల్చు. పాపకు జ్వరం వచ్చిన వారంలో గానీ, మేనేజరు కసిరిన రోజున గానీ తేల్చవద్దు.

సద్దుల బతుకమ్మకు ఎలాగూ వస్తారు. రెండు రోజులు ముందు రండి. పాపను నేను చూసుకుంటాను, మీరిద్దరూ పై గదిలో కూర్చోండి. రెండు జీతాల చీటీలు, బ్యాంకు పుస్తకం, ఒక తెల్లకాగితాల నోటుబుక్కు తెచ్చుకోండి, పెన్ను ఇక్కడ ఉంది. అల్లుడికి ఇష్టమని సర్వపిండి చేసి పెడతాను, అయితే లెక్క పూర్తి చేసి కిందికి దిగిన తర్వాతే.

మీ పెద్దమ్మ