కాలియా అన్న పేరు బడికి ఎలా చేరింది?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. కొంచెం బొద్దుగా ఉంటాడు. చిన్నప్పటి నుంచి ఛోటా భీమ్, మోటు పత్లు చూస్తూ అన్నం తినడం అలవాటు. ఈమధ్య రాత్రి అన్నం మానేస్తున్నాడు. బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని చేతులు వణికేదాకా పుషప్స్ తీస్తున్నాడు. పీటీ పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటాడు. బడిలో అందరూ వాణ్ణి ఛోటా భీమ్‌లోని లావుపాటి కాలియా పేరు పెట్టి కాలియా అంటున్నారట. మావారు కూడా సరదాకి వాణ్ణి కాలియా అని, నన్ను అందులోనే ఉండే లావుపాటి ఆవిడ పేరుతో టున్‌టున్ అని పిలుస్తారు. ఆయన మనసులో ఏమీ ఉండదు. మొన్న పుట్టినరోజుకు క్లాసు పిల్లలు వచ్చినప్పుడు ‘ఇప్పుడు మా కాలియా కేకు కోస్తాడు’ అంటే అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నేను పొద్దున్నే నడకకు వెళ్లేదాన్ని, మానేశాను. ఈ కార్టూన్ ఛానెళ్లు తీయించేయమంటారా? వ్యాయామం మీద ఇష్టం పెంచే మంచి కార్యక్రమాలు ఉంటే చెప్పండి.
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: ఛానెళ్లు తీయించడం, ఉంచడం మీ ఇష్టం. అవి తీయించినంత మాత్రాన మీ అబ్బాయి ఈ రాత్రి కంచం ముందు కూర్చోడు. మీరు అడిగింది టీవీ గురించే అయినా, ‘సరదాకి’ అంటూ దాటేసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే ఈ సమస్య అంతా ఉంది.

టీవీ తప్పు లేదని నేను అనను. 2008లో పోగోలో మొదలైన ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వారు తీసినది. మనవాళ్లు తీసిన బొమ్మల కథ దేశంలోని పిల్లలందరికీ నచ్చిందన్న సంతోషం నాకూ ఉంది. అయినా భీమ్ ఉండే ఢోలక్‌పూర్‌లో లావుపాటి కాలియా ఎప్పుడూ భీమ్ మీద అసూయపడేవాడు, గొప్పలు చెప్పుకుని చివరికి నవ్వులపాలయ్యేవాడు. భీమ్‌కు లడ్డూ నోట్లో పడగానే కండలు పొంగుతాయి తప్ప, ఆ బలం కోసం రోజూ చెమటోడ్చి సాధన చేయడం పిల్లల కంట పడేది తక్కువ. 2012 నుంచి నిక్‌లో వస్తున్న మోటుకు సమోసా తినకపోతే బుర్ర పనిచేయదు. ఉపాయం చెప్పవలసినది సన్నటి పత్లూయే. జపాన్ నుంచి వచ్చిన డోరేమాన్‌లోనూ చేయి చేసుకునేవాడు భారీకాయుడైన జియాన్, ఆటల్లో అవమానపడేవాడు బక్కపలచని నోబితా. ఒంటి తీరును బట్టి గుణం ఉంటుందని, ఆటస్థలమంటే గెలిచేవాళ్లు ఓడినవాళ్లను చూసి నవ్వే చోటని, బలం ఒక్క క్షణంలో రావాలని పిల్లలు వీటి నుంచి తెలియకుండానే నేర్చుకుంటారు. మీవాడు గడియ పెట్టుకుని చేతులు వణికేదాకా ఒళ్లు హింసించుకోవడంలో ఆ తొందర కొంత ఉంది.

మంచి కార్యక్రమాలు అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. ఐస్‌లాండ్‌కు చెందిన మాగ్నస్ షెవింగ్ రూపొందించిన లేజీటౌన్‌లో గెంతడం, పరిగెత్తడం ఆటపాటల్లో భాగంగా ఉంటాయి, అందులో సోమరిపోతు ప్రతినాయకుడు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. దొరికితే చూపించండి. కానీ ఇవే కార్టూన్లు చూసే పిల్లలు మీ వీధిలో ఎందరో ఉన్నారు, వాళ్లందరూ రాత్రి భోజనం మానడం లేదు. తెర మీద ఎవరో ఒకడుగా ఉన్న కాలియాను మీ అబ్బాయికి తగిలించింది కన్నతండ్రి. అది కూడా వాడి స్నేహితులందరి ఎదుట, పుట్టినరోజు నాడు. బడి పిల్లలు మీ హాల్లో విన్న పేరునే మర్నాడు బడికి తీసుకువెళ్లి ఉంటారు.

‘ఆయన మనసులో ఏమీ ఉండదు’ అన్నారు. ఉండకపోవచ్చు. మరి మీ మనసులో? టున్‌టున్ అన్న మాట రాసిన కాసేపటికే నడక మానేశానని రాశారు, కారణం మాత్రం రాయలేదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేననుకుంటున్నాను. ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా మీరు నవ్వి ఊరుకోవడం మీ అబ్బాయి ఇన్నేళ్లుగా చూస్తున్నాడు. కేకు ముందు వాడు నవ్విన నవ్వు మీ దగ్గర నేర్చుకున్నదే. ఇంటి గౌరవం కోసం భార్య కొన్ని సర్దుకుపోవాలని నమ్మే పాతకాలపు మనిషినే నేను. అయినా నలుగురిలో మన ఒంటిని ఎగతాళి చేయడం ఆ సర్దుబాట్లలోకి రాదు.

కాబట్టి ముందు మీవారితో మాట్లాడండి. వాడు నిద్రపోయాక, అత్తమామల ఎదుట కాకుండా, ఏడవకుండా, పాత లెక్కలేవీ తీయకుండా చెప్పండి: ‘నన్ను ఆ పేరుతో పిలిస్తే ఇక నేను పలకను. వాణ్ణి పిలిస్తే అక్కడి నుంచి వాణ్ణి తీసుకుని లేచి వెళ్లిపోతాను.’ ఆయన దాన్ని కూడా నవ్వులాటగా తీసుకుంటే, బాత్‌రూమ్‌లో జరుగుతున్నది పూస గుచ్చినట్టు చెప్పండి. చాలామంది తండ్రులకు అది తెలియదు. ఆపైన ఆయనే స్వయంగా కొడుకు దగ్గర కూర్చుని, ‘ఇక అలా పిలవను, అలా అనడం నాదే తప్పు’ అనాలి. తల్లి ద్వారా కబురు పంపితే చాలదు.

మీరు రేపటి నుంచే నడక మొదలుపెట్టండి. వాణ్ణి రమ్మని బలవంతం చేయవద్దు. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదిపి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సైకిలు, కబడ్డీ, ఈత, తాడాట, ఏదైనా అందులోకి వస్తుంది. రోజూ బరువు తూచడం, డైటింగు పెట్టడం, అన్నం వడ్డించేటప్పుడు చేయి ఆపి వాడి వంక చూడడం మానండి. పీటీ మాస్టారిని, క్లాసు టీచరును కలిసి, ఆ పేరు తరగతిలో వినపడకుండా చూడమని అడగండి. పిల్లల మధ్య మామూలేనని కొట్టిపారేస్తే హెడ్‌మాస్టరు దగ్గరకు వెళ్లండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. పదేళ్లు దాటే వయసులో, పొడవు పెరగబోయే ముందు, కొందరు పిల్లలు కాస్త ఒళ్లు చేయడం సహజమే. ఎత్తు, బరువు చూసి గ్రోత్ చార్టులో వాడు ఎక్కడ ఉన్నాడో డాక్టరు చెబుతారు. భోజనం మానేయడం కొనసాగినా, తిన్నది కక్కుకుంటున్నాడని అనుమానం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు వెంటనే తీసుకువెళ్లాలి. డాక్టరు మాటలు వినేటప్పుడు మీవారు పక్కన ఉండాలి. సెలవు దొరకదంటే ఆయన ఇంటికి వచ్చే వేళ చూసి సాయంత్రానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి.