క్లిప్పులు తీశాక పళ్లపై తెల్ల మచ్చలు: అరగదీయించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. రెండేళ్లు పళ్లకు క్లిప్పులు వేయించి, నెల కిందట తీయించాం. వరస బాగా కుదిరింది గానీ ముందు పళ్ల మీద సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు పడ్డాయి. ఎవరైనా పలకరిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. అరగదీసి క్యాపులు వేయించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: క్యాపుల ఆలోచన మానుకోండి. ఈ వయసులో పుచ్చు లేని పంటిని అరగదీయకూడదు. పోయిన ఎనామిల్, అంటే పంటిని కప్పి ఉండే గట్టి తొడుగు, మళ్లీ పుట్టదు.

మచ్చను దగ్గరగా చూడండి. క్లిప్పు అంటించిన చోటు మామూలుగానే ఉండి, దాని చుట్టూ, ముఖ్యంగా చిగుళ్ల వైపు తెల్లగా ఉంటే అది పాచి చేసిన పని. పాచిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి. అది ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను లాగేస్తుంది. పైపొర నిలిచే ఉన్నా కింద సన్నటి ఖాళీలు ఏర్పడతాయి. పంటిని దూదితో తుడిచి ఆరనిస్తే మచ్చ ఇంకా తెల్లబడుతుంది, ఆ ఖాళీల్లో నీటి బదులు గాలి చేరుతుంది కాబట్టి. క్లిప్పులకు ముందు నుంచే రెండు వైపులా ఒకేలా మచ్చలుంటే మాత్రం ఫ్లోరోసిస్ (చిన్నప్పుడు ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరడం వల్ల వచ్చే మచ్చలు) కావచ్చు. డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి.

పాచి పోతే లాలాజలమే కొంత నష్టాన్ని పూడుస్తుంది. అందుకే ఆరు నెలలు ఓపిక పట్టమంటాను. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా తోమించండి. ట్యూబు మీద చదివి కొనండి, మూలికల పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పుక్కిలించొద్దు. బీచ్ రోడ్డులో నిమ్మసోడా తాగొద్దని అననుగానీ, గంటసేపు చప్పరించొద్దు. నిమ్మరసం, బొగ్గుపొడితో రుద్దడం అసలే వద్దు. గాఢమైన ఫ్లోరైడ్ పూతలు ముందు పళ్లకు సొంతంగా వాడకండి. పైపొర గట్టిపడి, లోపలి మచ్చ అలాగే ఉండిపోవచ్చు. పాల ప్రొటీన్‌తో చేసిన క్రీములను డెంటిస్టు రాస్తే వాడొచ్చు, పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్నవాళ్లు తప్ప.

అప్పటికీ మచ్చలు ఎబ్బెట్టుగా కనిపిస్తే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ గురించి అడగండి. ఆమ్లపు జెల్‌తో పైపొరను తెరిచి, ఆరబెట్టి, పల్చటి రెజిన్‌ను (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవాన్ని) ఖాళీల్లోకి ఇంకనిచ్చి లైటుతో గట్టిపరుస్తారు. డ్రిల్లు, ఇంజెక్షను ఉండవు. లోతైన మచ్చలు పూర్తిగా పోకపోవచ్చు, ఆ మాట ముందే తెలిసి ఉండాలి. డెంటల్ కాలేజీల్లో కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగం వాళ్లు చూసే పని ఇది.

మచ్చ మీద గుంట పడినా, గరుకుగా తగిలినా, చల్లనివి తాగితే జివ్వుమన్నా ఆరు నెలలు ఆగకుండా ఈ వారమే చూపించండి.