మెదడు స్కాన్‌తో మనిషిని రుజువు చేయవచ్చా?

సందేహం: 14 ఏళ్ల క్రితం ఇల్లు విడిచి వెళ్లిన మా అన్నయ్య తానేనంటూ ఒక వ్యక్తి వచ్చి, ఉమ్మడి ఆస్తిలో వాటా కోరుతూ దావా వేశారు. సమన్లు అంది 40 రోజులైంది. అమ్మ కుమిలిపోతోంది. అన్నయ్యకు అప్పట్లో తలనొప్పికి తీయించిన మెదడు ఎంఆర్ఐ సీడీ మా దగ్గరుంది. మెదడులోని అనుసంధానాలను మెషీన్ లెర్నింగ్‌తో పోల్చి మనిషిని గుర్తించవచ్చని చదివాను. ఆరోగ్య పరీక్ష అని చెప్పి ఆయనకు స్కాన్ తీయించవచ్చా?

సలహా: మీ లేఖలో కేసును తేల్చే మాట ఆ 40 రోజులే. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబుదావా వేయాలి. తగిన కారణం చూపితే కోర్టు సమన్లు అందిన నాటి నుంచి 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. వాది చెప్పిన సంగతిని అందులో స్పష్టంగా ఖండించకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. సమన్లు పక్కన పెట్టి శాస్త్ర వ్యాసాలు చదువుతూ కూర్చోవడం క్షమించరాని నిర్లక్ష్యం. తాను మీ అన్ననని రుజువు చేసుకునే భారం ఆయనది. దానిని మీరు నెత్తిన వేసుకోవద్దు. 12 ఏళ్లు దాటాయి కనుక దావాకు కాలదోషం పట్టిందని కూడా నిశ్చింతగా ఉండవద్దు, ఎందుకంటే ఉమ్మడి ఆస్తి ఒక వాటాదారు స్వాధీనంలో ఉన్నంత మాత్రాన మరొకరి హక్కు పోదు.

2015లో యేల్ పరిశోధకులు 126 మందికి వేర్వేరు రోజుల్లో తీసిన ఫంక్షనల్ ఎంఆర్ఐలలో, మెదడులోని 268 భాగాలు ఒకదానితో ఒకటి ఎంతగా కలిసి పనిచేస్తున్నాయో లెక్కగట్టి, విశ్రాంతి స్థితిలో తీసిన స్కాన్లు ఎవరివో 90 శాతానికి పైగా సరిగా గుర్తించిన మాట నిజమే. అయితే ఏదైనా పని చేస్తుండగా తీసిన స్కాన్లతో పోల్చినప్పుడు అది కొన్నిచోట్ల 54 శాతానికి పడిపోయింది. పైగా వెతుకుతున్న మనిషి ఆ 126 మందిలోనే ఉన్నాడని వారికి ముందే తెలుసు. తలనొప్పికి తీసే మామూలు ఎంఆర్ఐలో మెదడు ఆకృతి ఉంటుందే తప్ప, నిమిషాల తరబడి మెదడు పనితీరులో వచ్చే మార్పుల నమోదు ఉండదు. అది లేనిదే అనుసంధానాల పటం తయారు కాదు. మీ సీడీ ఇందుకు పనికిరాదు.

మాయమాటలు చెప్పి స్కాన్ తీయించే ఆలోచన ఈ క్షణమే మానండి. సమ్మతి లేకుండా బ్రెయిన్ మ్యాపింగ్ వంటి పరీక్షలు చేయడం వ్యక్తి స్వేచ్ఛకు భంగమని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది నేర విచారణకు సంబంధించినదే అయినా, మోసంతో సాక్ష్యం తెచ్చారని తెలిసిన జడ్జి మీ మిగతా మాటలనూ నమ్మరు.

ఈ వారమే న్యాయవాదిని కలిసి, ఆలస్యానికి కారణం వివరిస్తూ దరఖాస్తు పెట్టి, ఆయన మీ అన్న అన్న వాదనను ఖండిస్తూ జవాబుదావా వేయండి. అమ్మగారు సమ్మతిస్తే ఆమెతో పోల్చే డీఎన్ఏ పరీక్షకు కోర్టును కోరండి. వాదిని అందుకు బలవంతపెట్టరాదని 2021లో ఒక ఆస్తి దావాలో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆయన నిరాకరిస్తే దానిని ఆయనకు ప్రతికూలంగా తీసుకోమని మీరు అడగవచ్చు. అన్నయ్య పదో తరగతి మెమోలో రాసిన పుట్టుమచ్చలు చూడండి. అన్నయ్య ఎప్పుడైనా రిజిస్టరు దస్తావేజుపై సంతకం చేసి ఉంటే, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని వేలిముద్రల పుస్తకాన్ని కోర్టు ద్వారా తెప్పించి, నిపుణుడి చేత పోల్పించమని దరఖాస్తు చేయండి.