18 వేల ల్యాప్‌టాప్‌కి 46 వేల ముస్తాబు అవసరమా?

ప్రశ్న: మాది భీమవరం. ఇంటి నుంచే హైదరాబాద్, విజయవాడ ఆర్కిటెక్టులకి ఆటోక్యాడ్, రెవిట్‌లో డ్రాయింగులు చేసిపెడతాను. నెలకి సగటున 50 వేలు వస్తుంది, ఆషాఢంలో అయితే 25 వేలే. ఒక హైదరాబాద్ ఆఫీసు ప్రతి నెలా 25 వేల పని ఇస్తుంది, 10 శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది వేస్తారు. రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 14 వేలు. అద్దె, పాప ఫీజు, అన్నీ కలిపి ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీ 1,80,000 ఉంది, బంగారం మీద 60 వేలు అప్పు ఉంది. రెండేళ్ల కిందట 32 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ50 కొన్నాను. ఐ7-6820హెచ్‌క్యూ, 16 జీబీ ర్యామ్, క్వాడ్రో ఎం2000ఎం గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్‌డిస్క్. ఇప్పుడు నత్తనడక నడుస్తోంది. అమ్మితే 18 వేలు ఇస్తామంటున్నారు. అప్‌గ్రేడ్‌కి షాపాయన చెప్పిన లెక్క: 64 జీబీ ర్యామ్ 22 వేలు, 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ) 8 వేలు, 4కే స్క్రీన్ 9 వేలు, బ్యాటరీ 4,500, వైఫై కార్డు 1,500, క్లీనింగ్, పేస్ట్ 1,000. మొత్తం 46 వేలు. లేదంటే 1,35,000 పెట్టి కొత్తది క్రెడిట్ కార్డు ఈఎంఐలో తీసుకోవాలి. ఎఫ్‌డీ తీసేసి కొనెయ్, ట్యాక్స్‌లో కలిసొస్తుంది అని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: కొత్తది వద్దు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, 46 వేలు కూడా వద్దు. 19 వేలతో పని అయిపోతుంది, ఆ 19 వేలు కూడా మీ జేబులోంచి కాకుండా వచ్చే దారి మీ ఉత్తరంలోనే ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

అమ్మితే 18 వేలొచ్చే సిస్టమ్‌కి 46 వేలు పెడితే రేపు దాన్ని 64 వేలకి ఎవరూ కొనరు. మహా అయితే ఇంకో నాలుగైదు వేలు ఎక్కువిస్తారు. అసలుకన్నా కొసరెక్కువ అంటే ఇదే. అలాగని పాతదాని మీద పైసా పెట్టకూడదని నేననను. ప్రతి వస్తువునీ పట్టుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది పెడితే నా బిల్లు పెరుగుతుందా, లేదా పని ఆగకుండా ఉంటుందా? రేపు సిస్టమ్ మార్చితే ఇది నాతో వస్తుందా? రెండింటికీ కాదు అని జవాబొస్తే అది మోజు. మోజు తప్పని కాదు, ల్యాప్‌టాప్ విప్పి కెలకడంలో ఉండే సరదా నాకూ తెలుసు, కాకపోతే ఆ డబ్బు సినిమాలూ హోటళ్ల ఖాతాలోంచి రావాలి తప్ప పెట్టుబడి పేరు మీద కాదు.

పైసా ఖర్చు లేని పనులతో మొదలుపెట్టండి. మీ అడాప్టర్ తిరగేసి వెనక స్టిక్కర్ చదవండి. పీ50కి ఇవ్వాల్సింది 170 వాట్లది, దాని మీద 20 వోల్టులు, 8.5 ఆంపియర్లు అని ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు ఇది చేతికందకపోతే 90 వాట్లది అంటగట్టేవాళ్లున్నారు, దాని మీద 4.5 ఆంపియర్లు అని ఉంటుంది. దానితో లైటు వెలుగుతుంది, ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది, కానీ పని బరువెక్కగానే కరెంటు చాలక ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, మీరేమో సిస్టమ్ ముసలిదైపోయిందని అనుకుంటారు. మీది అదే అయితే ముందు మార్చాల్సింది అడాప్టర్.

తర్వాత ఒక వారం పాటు పని చేసేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకోండి. పెద్ద రెవిట్ ఫైల్ తెరిచినప్పుడు, సేవ్ చేసినప్పుడు, షీట్లు పీడీఎఫ్ తీసినప్పుడు ఏ గీత పైకి ఎగబాకుతోందో చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోతే జబ్బు హార్డ్‌డిస్క్‌ది. మెమరీ 90 దాటితే ర్యామ్‌ది. రెండూ మామూలుగా ఉండి, సీపీయూలో ఒక్క కోర్ మాత్రమే నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే మాత్రం ర్యామ్ 64 కాదు 640 జీబీ వేసినా ఉపయోగం లేదు, ఎందుకంటే రెవిట్, ఆటోక్యాడ్‌లలో చాలా పనులు ఒక్క కోర్ మీదే నడుస్తాయి, పైగా పీ50లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ బోర్డుకి అతికించి వస్తాయి, మార్చే వీలుండదు. (ప్రాసెసర్ ఊడదీసి ఇంకోటి పెట్టుకునే భోగం డెల్ ప్రెసిషన్ ఎం4800 లాంటి నాలుగో తరం వాటితోనే పోయింది.) కానీ మీది హార్డ్‌డిస్క్ మీద విండోస్ నడుస్తున్న సిస్టమ్. మీ అవస్థలో ముప్పాతిక వంతు అదేనని నా పందెం.

అందుకే ఎన్‌వీఎంఈకి 8 వేలు కళ్లు మూసుకుని పెట్టండి. పాత హార్డ్‌డిస్క్ సెకనుకి 100, 150 ఎంబీ చదివితే గొప్ప, ఇది 3,000 దాకా వెళ్తుంది. పీ50లో ఈ డ్రైవుని బోర్డుకి కలిపే దారి (పీసీఐఈ) మూడో తరానిది కాబట్టి డబ్బా మీద 7,000 అని రాసుంటే మోసపోవద్దు, ఆ వేగం ఇక్కడ రాదు. అయితే రెండింటికీ ధర ఒకటే అయితే నాలుగో తరం దాన్నే తీసుకోండి, ఎందుకంటే ఈ వస్తువు మాత్రం రేపు కొత్త సిస్టమ్‌లోకి కచ్చితంగా మీతో వస్తుంది. దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనకండి, క్లయింట్ల ఫైళ్లుండేది ఇందులో, బిల్లు, వారంటీ రెండూ కావాలి. పాత హార్డ్‌డిస్క్ అమ్మొద్దు, అయిపోయిన ప్రాజెక్టులు దానిలో పడుంటాయి.

ర్యామ్ దగ్గరే షాపాయన మిమ్మల్ని బాగా ముంచబోయాడు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీకి వెళ్తే కింద ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కనిపిస్తుంది. పీ50లో స్లాట్లు నాలుగు: రెండు కింద మూత తీయగానే కనబడతాయి, ఇంకో రెండు కీబోర్డు ఊడదీస్తే దాని అడుగున ఉంటాయి. మీ 16 జీబీ రెండు 8 జీబీ స్టిక్కులే అయ్యుంటే ఇంకో రెండు ఖాళీగా ఉన్నట్టు. ఉన్నవి పీకేసి కొత్తవి నాలుగు 16 జీబీవి వేయడం దేనికి? ఖాళీల్లో ఇంకో రెండు 8 జీబీవి వేస్తే 32 అవుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఎలా మండుతున్నాయో మీకూ తెలుసు, అందుకని కొత్తవి కాకుండా పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవి అడగండి, 5,500 లోపు బేరం తేల్చండి. డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్కే కావాలి. ఈసీసీ అని రాసున్నవి జియాన్ ప్రాసెసర్ ఉన్నవాళ్ల కోసం, మీ ఐ7కి వద్దు. రేపు మీరు కొనబోయేది డీడీఆర్5 అయితే ఈ స్టిక్కులు దానికి పట్టవు, ఆ 5,500 ఇక్కడితో పోయినట్టే అనుకుని పెట్టండి. 22 వేలు పోవడం కన్నా నయం కదా.

బ్యాటరీకి 4,500. మొదట వద్దందామనుకున్నాను, ఇంట్లో ఎలాగూ ప్లగ్గులోనే ఉంటుంది కాబట్టి. కానీ గోదావరి జిల్లాల్లో వానాకాలం కరెంటు సంగతి మనకి కొత్త కాదు, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అంటే కరెంటు పోయిన క్షణాన సేవ్ చేయని గంట పని పోవడమే. కాబట్టి ఇది పని ఆగకుండా ఉండే ఖాతాలోకి వస్తుంది. ఒరిజినల్ అంటే చాలదు, తయారైన తేదీ అడగండి: డబ్బాలో పడున్నా బ్యాటరీ ముసలిదవుతూనే ఉంటుంది, పదేళ్ల కిందటి మోడల్‌కి పాత స్టాక్ తగిలే ప్రమాదం ఎక్కువ. పీ50లో లాచ్ జరిపితే బ్యాటరీ బయటికొచ్చేస్తుంది కాబట్టి షాపులోనే పెట్టించి, విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు పూర్తిగా ఎక్కుతున్నది ఎంత అని పక్కపక్కన చూడండి. కొత్తదాంట్లో ఆ రెండు అంకెలు దగ్గర దగ్గరగా లేకపోతే అక్కడే తిరిగిచ్చేయండి.

క్లీనింగ్, పేస్ట్‌కి 1,000 ఇవ్వండి. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్ట్ ఇన్నేళ్లకి ఎండి సున్నంలా అయిపోయుంటుంది. దాని తర్వాత ఓపికుంటే థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వోల్టేజీ కాస్త తగ్గించుకోవచ్చు, పదేసి మిల్లీవోల్టులు తగ్గిస్తూ ప్రతిసారీ బరువైన ఫైల్ ఒకటి నడిపి చూడాలి, హ్యాంగ్ అయితే ఒక మెట్టు వెనక్కి రావాలి. వేడి తగ్గుతుంది, ఫ్యాన్ గోల తగ్గుతుంది. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో ఈ సదుపాయాన్ని మూసేశాయి, మీదాంట్లో మూసేసి ఉంటే దానికోసం పాత బయాస్ ఎక్కించే సాహసం చేయకండి. డెలివరీ ఉన్న వారంలో ఇలాంటి ప్రయోగాలేవీ పెట్టుకోవద్దు.

4కే స్క్రీన్ సంగతి చెప్పాలంటే, ఫుల్ హెచ్‌డీ కన్నా నాలుగింతల చుక్కలని ఆ పాత క్వాడ్రో మోయాలి, బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుంది, ఆర్కిటెక్ట్ మాత్రం షీటుకి ఒక్క రూపాయి ఎక్కువివ్వడు. వైఫై కార్డు కూడా వద్దు, రౌటర్ పక్కనే కూర్చుని కేబుల్ పెట్టుకోండి.

మొత్తం కూడితే 8,000, 5,500, 4,500, 1,000. పందొమ్మిది వేలు. 15 నెలలు లాగిస్తే నెలకి 1,270 లోపే పడుతుంది.

అంతకన్నా ఎక్కువ ఎందుకు లాగించొద్దంటే, ఈ సిస్టమ్‌కి గడువు పెట్టింది హార్డ్‌వేర్ కాదు, విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల నమోదు 2026 అక్టోబర్ 13 దాకా అన్నారు. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అర్హత, మీది ఆరో తరం. అడ్డదారిలో ఎక్కించే వీడియోలు బోలెడున్నాయి గానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. అప్‌డేట్లు ఆగాక ఈ సిస్టమ్‌లో బ్యాంకింగ్, ట్యాక్స్ పోర్టల్ తెరవొద్దు. ఇంకో చిక్కు రెవిట్‌తో: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, మీ ఆర్కిటెక్టులు వెర్షన్ మార్చిన రోజున మీరూ మార్చక తప్పదు. వచ్చే ఏడాది ఏ వెర్షన్‌కి వెళ్తున్నారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక కొత్తది. 1,35,000కి 24 నెలలు, కార్డు వడ్డీ 16 శాతం అనుకుంటే నెలకి సుమారు 6,610 కట్టాలి, మొత్తం 1,58,600 పైన. వడ్డీకి తోడు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆషాఢంలో మీ 25, ఆవిడ 14 కలిపితే 39 వేలు, ఖర్చు 45. ఈఎంఐ లేకుండానే ఆరు వేలు తరుగు, దాని మీద ఇంకో 6,610 పడితే కార్డు మినిమం బిల్లు కట్టి నెట్టుకురావడం మొదలవుతుంది, అక్కణ్ణుంచి బయటపడటం చాలా కష్టం. ఎఫ్‌డీ అంటారా, 1,80,000 అంటే సరిగ్గా నాలుగు నెలల ఇంటి ఖర్చు. ఆదాయం నిలకడగా లేనివాళ్లకి అది కూడా తక్కువే.

ట్యాక్స్ కలిసొస్తుందన్న మీ ఫ్రెండ్ మాట మీ విషయంలో ఒక్క రూపాయి కూడా నిజం కాదు. మీలాంటివాళ్లు వాడుకునే 44ఏడీఏ (పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోని సెక్షన్, 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 58) పద్ధతిలో వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తారు, ల్యాప్‌టాప్ తరుగుదలతో సహా ఖర్చులన్నీ ఆ మిగతా సగంలోనే కలిసిపోయినట్టు లెక్క, విడిగా చూపించడానికి వీల్లేదు. ఏడాదికి 6 లక్షలు వస్తే ఆదాయం 3 లక్షలు. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. కట్టని పన్నులో మిగిలేదేముంటుంది? జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా మీకు లేదనుకుంటాను, కాబట్టి కొత్తదాని ధరలో ఉన్న 18 శాతం తిరిగి రాదు.

వాక్‌త్రూ (కట్టబోయే ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియో) ఆర్డర్లు వస్తేనో అని మీకు అనుమానం రావచ్చు. వాటిని తయారుచేసే లూమియన్, డీ5 లాంటి సాఫ్ట్‌వేర్లు గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తాయి, 4 జీబీ ఎం2000ఎంతో ఆ పని పెట్టుకోవద్దు. ఒకటీ అరా వస్తే మంచి కార్డున్న సిస్టమ్ అద్దెకి తీసుకుని ఆ ఖర్చు బిల్లులోనే కలపండి. వరసగా మూడు నెలలు అడ్వాన్సుతో ఆర్డర్లు వచ్చిన రోజున కొత్త మిషన్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఈలోగా బాగా వచ్చిన నెలల్లో 5 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. కంపెనీలు ల్యాప్‌టాప్‌లని మూడు నాలుగేళ్లకి మార్చేస్తుంటాయి, 2021 నాటి ప్రెసిషన్ 7560, థింక్‌ప్యాడ్ పీ15 రెండో తరం లాంటివి అలాగే సెకండ్ హ్యాండ్‌లోకి వస్తాయి. పదకొండో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 గొడవ ఉండదు, ర్యామ్ కూడా డీడీఆర్4, అంటే మీ స్టిక్కులు కూడా దానిలోకి పనికొచ్చే అవకాశం ఉంది. చేతిలో 60, 70 వేలు పట్టుకుని సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినవాడి బేరం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 19 వేలు. హైదరాబాద్ ఆఫీసు నెలకి 25 వేలలో 10 శాతం కోస్తోంది, అంటే 2,500, ఏడాదికి 30 వేలు. మీకు పడే పన్ను సున్నా, కాబట్టి ఆ 30 వేలూ మీవే. రిటర్న్ వేయలేదు గనక ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి పాన్‌తో వెళ్లి 26ఏఎస్ (మీ పేరున జమైన టీడీఎస్ చిట్టా) తీసి చూడండి, ఆ ఆఫీసు కోసినదంతా మీ పేరున జమ చేసిందో లేదో నెలవారీగా కనిపిస్తుంది. కనిపిస్తే ఊళ్లో ఒక ఆడిటర్‌ని పట్టుకుని గడువులోపు ఐటీఆర్-4 (44ఏడీఏ వాడుకునేవాళ్ల రిటర్న్ ఫారం) వేయించండి, రిఫండ్ పడాల్సిన బ్యాంక్ ఖాతాని పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకోండి. రిఫండ్ వచ్చేదాకా ఆగలేకపోతే ఎన్‌వీఎంఈ ఒక్కటి ఇప్పుడు వేయించి, మిగతావి డబ్బు పడ్డాక చేయించండి. అన్నీ పోను 11 వేలు మిగులుతాయి, అవి బంగారం అప్పుకి కట్టండి. 26ఏఎస్‌లో ఏ నెలదైనా కనబడకపోతే ల్యాప్‌టాప్ గొడవ పక్కన పెట్టి ముందు ఆ ఆఫీసు అకౌంట్స్ వాళ్లకి మెయిల్ పెట్టండి, మీ పాన్ నంబరు, ప్రతి నెలా బిల్లు మొత్తం, కోసిన మొత్తం, తేదీలతో సహా రాసి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే పని జరగదు.