దెబ్బలు ముందే లెక్క కట్టాక మళ్లీ కొలతలెందుకు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె, బోరు బండి నడుపుతాను. మా చిన్నోడు వరంగల్‌లో ఎంటెక్ చేసి చెన్నైలో కొలువులో చేరాడు. సముద్రంలో గాలిమరల పునాది పైపుల్ని సుత్తితో దిగ్గొట్టాలంటే ఎన్ని దెబ్బలు పడతాయో ముందే లెక్క కడతారట, మళ్లీ కొట్టేటప్పుడు పోయి కొలుస్తారట. ముందే తెలిస్తే కొలవడం ఎందుకు? పైగా వాడికి ఈత రాదు, ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: అన్నా, సగం జవాబు మీ బండి దగ్గరే ఉంది. పాయింట్ చూసినాయన ఎంత చెప్పినా, కేసింగ్ ఎన్ని అడుగుల దగ్గర ఆగుతుందో దింపేదాకా మీరు ఒట్టేసి చెప్పరు కదా. అక్కడ పైపు వెడల్పే ఆరు నుంచి పది మీటర్లు, వెయ్యి టన్నులు దాటినవీ ఉన్నాయి. మోనోపైల్ అంటారు. అది మధ్యలో ఇరుక్కుంటే క్రేన్ ఓడ కిరాయి రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది.

ముందుగా సముద్రం అడుగు మట్టిలోకి మొన ఉన్న కడ్డీని సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున నొక్కి, మొన దగ్గర ఎంత అడ్డు, పక్కల ఎంత రాపిడి అని రాసుకుంటారు. ఆ అంకెల్ని 1960లో స్మిత్ అనే ఇంజనీరు ఇచ్చిన పద్ధతిలో పెడితే, అంటే సుత్తి, పైపు, మట్టి అన్నిటినీ బరువులు, స్ప్రింగుల ముక్కలుగా చేసి కంప్యూటర్‌కు ఇస్తే, మీటరుకు ఎన్ని దెబ్బలో వస్తుంది.

చిక్కంతా మట్టితోనే. దెబ్బ దెబ్బకూ పక్కల రాపిడి తగ్గుతుంది, కానీ కొట్టడం ఆపి ఒక రోజు వదిలేస్తే బంకమట్టి మళ్లీ పట్టేస్తుంది, నిన్న సులువుగా దిగిన పైపు ఇవాళ మొరాయిస్తుంది. గట్టి పొర కింద మెత్తటి పొర ఉంటే ఇంకా భయం, పైపు తన బరువుకే ఒక్కసారిగా జారిపోవచ్చు, సుత్తిని పట్టుకున్న క్రేన్‌కు అది పెద్ద గండం. అందుకే మంచి ఇంజనీరు తక్కువలో ఇంత, ఎక్కువలో ఇంత అని రెండు గీతలు గీస్తాడు. ధీమాగా ఒకే అంకె చెప్పేవాణ్ణి నేనైతే నమ్మను.

ఇక కొలత. పైపు పైభాగంలో స్ట్రెయిన్ గేజ్‌లు (ఉక్కు ఎంత నొక్కుకుందో చెప్పేవి), యాక్సిలరోమీటర్లు (కదలిక ఎంత వేగంగా మారిందో చెప్పేవి) బిగిస్తారు. దెబ్బ పడగానే ఉక్కులో పుట్టిన అల సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో అడుగుదాకా పోయి తిరిగొస్తుంది, 60 మీటర్ల పైపులో రానూ పోనూ 23 మిల్లీసెకన్లు. మట్టి ఎక్కడ ఎంత అడ్డుకుందో ఆ తిరిగొచ్చిన అలలో తెలుస్తుంది. దెబ్బల సంఖ్య పెరిగితే మట్టి గట్టిగా ఉందా, సుత్తే సరిగ్గా కొట్టడం లేదా? దెబ్బలు లెక్కపెడుతూ కూర్చుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొలిచేది ముఖ్యంగా ఇందుకే. ప్రతి దెబ్బా ఉక్కు ఆయుష్షు కొంత తింటుంది, ఆ లెక్క కూడా కావాలి.

చప్పుడు సంగతి వేరే. జర్మనీలో 750 మీటర్ల దూరంలో దెబ్బ శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదు, అందుకే పైపు చుట్టూ గాలిబుడగల తెర వేస్తారు.

మన దగ్గర 2024 జూన్‌లో కేంద్రం గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్ర గాలిమరలు పెట్టే 7,453 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది, కాబట్టి ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఇక్కడా పడుతుంది.

ఈత గురించి: లెక్క పని ఆఫీసులోనే. ఓడ ఎక్కాల్సి వస్తే నీళ్లలో పడితే ఎలా బతకాలో ముందు శిక్షణ ఇస్తారు, అది లేకుండా మామూలుగా పంపరు. అయినా ఆలోపు హనుమకొండలో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించండి, పోయేదేముంది.